ఒక్క దుప్పటి గది

ఫిబ్రవరి 1, గురువారం

లాండ్రీ రోజు. సెల్లార్‌లో బిల్డింగ్ మొత్తానికి ఉన్న మెషిన్లు తిరుగుతున్నాయి, నేను స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. గోడ మీది బోర్డులో గురువారం సాయంత్రం గడికి నా ఫ్లాట్ నంబరున్న చిన్న తాళం వేలాడుతోంది. ఏ గడిలో ఎవరి తాళం ఉంటే ఆ టైమ్ వాళ్ళది, ఆ గడి నాది. ఈ బిల్డింగ్‌లో చక్కెర ఇచ్చిపుచ్చుకుంటాం, నిచ్చెన ఇచ్చిపుచ్చుకుంటాం, లాండ్రీ టైమ్ మాత్రం కన్నబిడ్డ అడిగినా ఇవ్వం. పోయినేడు పైఫ్లాట్ ఆయన నా టైమ్‌లో తన కర్టెన్లు ఆరబెట్టుకుంటూ దొరికిపోయాడు. నెల్లాళ్ళు అతన్ని పలకరించలేదు.

కింది అంతస్తు డాగ్నీ వచ్చి తన ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్ళింది. స్పెయిన్‌లో ఉన్న చెల్లెలికి మోకాలి ఆపరేషనట. మళ్ళీ జూన్ ఆఖర్లో మిడ్‌సమ్మర్ పండగకి గానీ రాదు. కిటికీలో జెరేనియం మొక్కలకి నీళ్ళు పొయ్యమంది. ఎక్కువ పోసి చంపకు, తక్కువ పోసి చంపకు, అసలు చంపకు అని మెట్లు దిగుతూ కూడా చెప్పింది. ఆవిడకి డెబ్బై తొమ్మిది, నాకు అరవై మూడు, ఇంకా ఏమమ్మాయ్ అనే పిలుస్తుంది.

ఇంతలో స్టెల్లన్ ఫోన్. అతని హోటల్ పాయింట్లు ఈ నెలాఖరుకి రద్దయిపోతాయట. ముప్ఫై ఏళ్ళు దేశమంతా తిరిగి లిఫ్టులు తనిఖీ చేసిన మనిషి. ఊరూరా హోటల్లో పడుకున్నప్పుడల్లా ఖాతాలో కొన్ని పాయింట్లు పడేవి. రిటైరయ్యాక వాటి సంగతే మర్చిపోయాడు. ఇప్పుడు వాళ్ళే గుర్తుచేశారట, వాడుకుంటారా వదిలేస్తారా అని. అందుకని నీళ్ళ ఒడ్డున ఉన్న ఆ పెద్ద హోటల్లో మా ఇద్దరికీ రెండు రాత్రులు బుక్ చేశాడు, వచ్చే శుక్రవారం నుంచి. ఆ హోటల్లోకి నేను జీవితంలో ఒక్కసారే వెళ్ళాను, టాయ్‌లెట్ వాడుకోవడానికి.

సంతోషం పట్టలేక స్టూలు మీంచి లేచాను. ఫోన్ పెట్టబోతూ అతనన్నాడు, అక్కడ నీతో ఒక విషయం మాట్లాడాలి సోల్వెయ్ అని.

పదకొండేళ్ళుగా స్టెల్లన్ నా మనిషి. విషయం మాట్లాడాలి అనడం ఇదే మొదటిసారి. మాట్లాడాల్సినవి ఏమైనా ఉంటే మేం సామాన్యంగా వాకింగ్‌కి వెళ్ళి, వాటి గురించి మాట్లాడకుండా తిరిగొస్తాం.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఏమై ఉంటుంది ఆ విషయం?

ఫిబ్రవరి 4, ఆదివారం

నిన్న స్టెల్లన్ ఇంట్లో ఉన్నాను. మా పద్ధతి అది. బుధవారం అతను మా ఇంటికొస్తాడు, శనివారం నేను వాళ్ళింటికి వెళ్తాను, తెల్లారి కాఫీ తాగి ఎవరి కొంపకి వాళ్ళం. మధ్యలో మెట్రో. నా కూతురు ఇల్వా మాకు ముసలి టీనేజర్లు అని పేరు పెట్టింది.

వాళ్ళ బిల్డింగ్ తలుపు మీద పెద్ద నోటీసు అంటించి ఉంది. నిన్న నేను వెళ్ళేసరికి స్టెల్లన్ కిందికొచ్చి, సరిగ్గా దానికి వీపు ఆనించి నిలబడి, జేబుల్లో తాళంచెవి వెతుక్కున్నాడు. చెవి చేతిలోనే ఉంది. ఇవాళ ఒక్కదాన్నే బయటికొస్తూ ఆగి మొత్తం చదివాను. మార్చి మొదటి వారం నుంచి గోడలు పగలగొట్టి నీటి పైపులన్నీ మారుస్తారట. జూన్ ఆఖరుదాకా ఇళ్ళల్లో చుక్క నీళ్ళుండవు, బాత్రూమ్ ఉండదు. కావలసినవాళ్ళు పెరట్లో వేసిన షెడ్డులో స్నానం చెయ్యొచ్చట. అతను ఇంతవరకూ ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇల్వాకి ఫోన్ చేశాను. అది ఒక్క క్షణం ఆలోచించలేదు. అమ్మా, నీకు బుర్ర ఉందా అసలు, ఇల్లు పగలగొడుతున్నారు, హోటల్ బుక్ చేశాడు, విషయం మాట్లాడాలన్నాడు, ఇంకేం చెప్పాలి నీకు, నీ ఇంటికి వచ్చేస్తానని అడుగుతాడు, జేబులో ఉంగరం కూడా ఉంటే ఉంటుంది అంది. మంచిదేగా, ఎన్నాళ్ళని ఈ మెట్రో ప్రేమ అని పకపకా నవ్వింది.

ఫోన్ పెట్టేసి నా రెండు గదులూ ఒకసారి చుట్టి వచ్చాను.

ఫిబ్రవరి 5, సోమవారం

నా ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు. లెన్నార్ట్‌తో ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసి, విడాకులు వచ్చిన నెలలో దీన్ని తీసుకున్నాను. మొదటి రోజు పొద్దున కాఫీ తాగి, కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, కళ్ళద్దాల షాపుకి డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి కప్పు అక్కడే ఉంది. ఎవరూ కదపలేదు. అక్కడెందుకు పెట్టావని ఎవరూ అడగలేదు. కోటు కూడా విప్పకుండా నిలబడి ఏడ్చాను, సంతోషంతో.

లెన్నార్ట్ చెడ్డవాడేం కాదు. ప్రతి వస్తువుకీ ఒక చోటుండాలనేవాడు, ఆ చోటు తనే చెప్పేవాడు, అంతే. చివరికి నా ఇంట్లో నేనెక్కడ కూర్చోవాలో నాకే తెలియకుండా పోయింది.

స్టెల్లన్ అలాంటివాడు కాదు. పొద్దున్నే ట్రంపెట్ ఊదుతాడు, బాగా ఊదడు, అదొక్కటే లోపం. అయినా సరే. అతను బెల్ కొట్టాలి, నేను తలుపు తియ్యాలి. అలాగే ఇష్టం నాకు. వద్దంటే ఏమవుతుంది? మొహం మాడ్చుకుని వెళ్ళిపోతాడా? అతను పాడడానికి వెళ్ళే కోరస్‌లో గుడ్రున్ అని ఒకావిడ ఉంది. పెద్ద ఇల్లు, రెండు బాత్రూమ్‌లు. స్టెల్లన్ దగ్గితే చాలు, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గొంతు బిళ్ళ తీస్తుంది.

ఇల్లా, మనిషా? అడిగితే ఏం చెప్పను? నాకు రెండూ కావాలి. రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ రెండూ కావాలి.

ఫిబ్రవరి 7, బుధవారం

స్టెల్లన్ భోజనానికొచ్చాడు. చేప, ఉడికించిన బంగాళాదుంపలు. ఇద్దరం వాతావరణం గురించి అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. హోటల్‌కి సామాను సర్దుకోవాలని ఈసారి రాత్రికి ఉండలేదు. వెళ్ళేటప్పుడు హాల్లో నిలబడి, నీ ఇల్లు ఎప్పుడూ ఎంత ప్రశాంతంగా ఉంటుందో అన్నాడు.  కొనబోయే ఇంటిని చూసుకునేవాడిలా సీలింగు కూడా చూశాడు!

అతను వెళ్ళాక అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేశాను. స్టెల్లన్, నువ్వంటే నాకు ప్రాణం, కానీ వద్దు. స్టెల్లన్, వద్దు, కానీ నువ్వంటే నాకు ప్రాణం. ఎటు తిప్పినా బాలేదు.

ఫిబ్రవరి 8, గురువారం

సూట్‌కేసు సర్దాను. లాండ్రీ అయింది. టెన్షన్‌తో తెల్లబట్టల్లో ఎర్ర సాక్స్ వేశాను, నైటీ గులాబీ రంగైంది. అదే తీసుకెళ్తున్నాను, ఇంకోటి లేదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం, సాయంత్రం

హోటల్ గదిలో ఉన్నాను. స్టెల్లన్ ఐస్ తేవడానికి వెళ్ళాడు. ఐస్ ఎందుకో ఇద్దరికీ తెలీదు. కారిడార్‌లో ఐస్ మెషిన్ ఉందని వెళ్ళాడు.

రిసెప్షన్‌లో అమ్మాయి అతన్ని ఇంటిపేరుకి గారు తగిలించి పిలిచింది. డాక్టర్ని కూడా పేరుపెట్టి నువ్వు అనే మనుషులం, స్టెల్లన్ వెనక్కి తిరిగి ఎవరినా అని చూశాడు. ముప్ఫై ఏళ్ళ గోల్డ్ మెంబర్ కాబట్టి గది అప్‌గ్రేడ్ చేశామంది ఆ పిల్ల. అతని చెవులు ఎర్రబడ్డాయి. వద్దులెండి, మామూలుదే చాలు అనబోతుంటే కాలు తొక్కాను.

లిఫ్టులో అందరూ అద్దం చూసుకుంటారు, ఇతను తనిఖీ స్టిక్కరు చూస్తాడు. తేదీ సరిగ్గానే ఉందట. పైకెళ్ళేదాకా కళ్ళు మూసుకుని విని, తెరిచి, కేబుల్ వెన్నలా నడుస్తోందన్నాడు. ఎప్పుడైనా నా గురించి అంత ముద్దుగా మాట్లాడాడా అనుకున్నాను.

గది బాగుంది. నిజంగా బాగుంది. కిటికీ నిండా నీళ్ళు, దీవులకి వెళ్ళే తెల్లటి పడవలు, అవతలి ఒడ్డున దీపాలు. బాత్రూమ్ నేల వెచ్చగా ఉంది. చెప్పుల్లేకుండా కాసేపు ఊరికే నిలబడ్డాను.

మంచం చూసి ఇద్దరం ఆగిపోయాం. తెరచాపంత దుప్పటి పరిచి ఉంది. ఒకటే. మా అమ్మా నాన్నా బతికినన్నాళ్ళూ ఒకే మంచం మీద పడుకున్నారు, దుప్పట్లు మాత్రం రెండు. మా తాతలూ అంతే. లెన్నార్ట్‌తో కూడా అంతే, నా జీవితంలో నేను దుప్పటి ఎవరితోనూ పంచుకోలేదు. ఇదేదో విదేశీ పద్ధతి.

ఇంకోటి అడుగుదామా అన్నాడు స్టెల్లన్. నీకు కావాలంటే అడుగు అన్నాను. నాకేం పర్లేదు, నీకోసమే అన్నాడు. నాకూ పర్లేదు అన్నాను. పాపం వాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకు అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఇది పరీక్షేమో. ఒకే దుప్పటి కింద ఎలా ఉంటామో చూద్దామని అతనే పెట్టించాడేమో. ఐస్ చప్పుడు వినిపిస్తోంది. వస్తున్నాడు.

ఫిబ్రవరి 10, శనివారం, పొద్దున్న

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

చలికి కళ్ళు తెరిచాను. మంచం ఈ అంచున నేను, నైటీ మీద హోటల్ గౌను, దాని మీద నా కోటు, కాళ్ళకి రెండు జతల సాక్స్. దుప్పటి అతనికి వదిలేద్దాం, పాపం వయసైన మనిషి అని రాత్రే నా వైపుది అటు నెట్టేశాను. తల తిప్పి చూద్దును కదా, ఆ అంచున స్టెల్లన్. ఓవర్‌కోటు, మఫ్లరు, తలమీద ఉన్ని టోపీ. అతను తన వైపుది ఇటు నెట్టేశాడు. మధ్యలో దుప్పటి ఒక్కటే మడత నలగకుండా హాయిగా పడుకుని ఉంది.

లేచాక ఎలా పట్టింది నిద్ర అని అడిగాడు. అద్భుతం అన్నాను. నాకూ అన్నాడు, తుమ్ముతూ.

ఫిబ్రవరి 10, శనివారం, మధ్యాహ్నం నాలుగు

బాత్రూమ్‌లో ఉన్నాను. గడియ పెట్టుకున్నాను. టబ్ అంచు మీద కూర్చుని రాస్తున్నాను. ఏడుపు ఆగడం లేదు, ఎందుకో కూడా నాకు సరిగ్గా తెలీదు. రాస్తే తెలుస్తుందేమో.

పొద్దున టిఫిన్ దగ్గర అంతా బాగానే ఉంది. ఇంత పెద్ద హోటల్లో కూడా స్టెల్లన్ చీజ్ రొట్టెలు రెండు నాప్కిన్‌లో చుట్టి జేబులో వేశాడు. గోల్డ్ మెంబర్ గారూ అన్నాను. ఊరుకోవే, మధ్యాహ్నానికి పనికొస్తాయి అన్నాడు. ఒడ్డునే నడిచాం. విషయం రాలేదు. సౌనా ఆవిరి గదుల్లో కూర్చున్నాం, ఆడవాళ్ళ దాంట్లో నేను, మగవాళ్ళ దాంట్లో అతను. విషయం రాలేదు.

మూడింటికి కింద కేఫ్‌లో సెమ్లా తిందామన్నాడు. వచ్చే మంగళవారం, ఉపవాసాలకి ముందు పండగ కదా, ఊరంతా ఆ క్రీమ్ బన్నులే. నా బన్ను సగం అయ్యేసరికి అతను ఫోర్కు కింద పెట్టాడు. మీసం మీద క్రీమ్ ఉంది. ఆ విషయం చెప్తానన్నాను కదా అన్నాడు. నేను టేబుల్ అంచు పట్టుకున్నాను. నువ్వంటే నాకు ప్రాణం, కానీ వద్దు. నాలిక చివర రెడీగా ఉంది.

మా బిల్డింగ్‌లో పైపులు మారుస్తున్నారు అన్నాడు. అలాగా అన్నాను, ఏమీ తెలియనట్టు. జూన్ ఆఖరుదాకా ఇంట్లో ఉండడానికి లేదన్నాడు. అయ్యో అన్నాను. అందుకని సుండ్స్‌వాల్‌లో తమ్ముడింటికి వెళ్తున్నాను, మార్చి మూడున బయల్దేరతాను, అన్నీ మాట్లాడేశాను, నువ్వేం కంగారుపడకు అన్నాడు.

నిజం రాసుకుంటాను. మొదట వచ్చింది ఊరటే. ఛాతీ మీంచి బస్తా దించినట్టయింది. నా ఇల్లు, నా కిటికీ గట్టు, నా కప్పు. సెమ్లా ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాను. అది మింగేలోపు ఇంకోటి అర్థమైంది. అడగలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు! వారం రోజులు భయపడి, అద్దం ముందు వద్దు వద్దు అని చెప్పుకుంటే, ఈ మనిషి అసలు అడగనే లేదు. సుండ్స్‌వాల్ అంటే ఎక్కడో ఉత్తరాన, రైల్లో నాలుగు గంటలు. నాలుగు నెలలు.

మంచి ఏర్పాటే అన్నాను. అవును కదా అన్నాడు. తలనొప్పిగా ఉందని చెప్పి పైకొచ్చేశాను.

తలుపు తడుతున్నాడు.

ఫిబ్రవరి 11, ఆదివారం, ఇంట్లో

అమ్మయ్య. ఎన్నాళ్ళయిందో ఇలా ఊపిరి పీల్చుకుని. మర్చిపోకముందే రాయాలి.

బతికే ఉన్నావా అన్నాడు తలుపు అటునుంచి. బయటికి రానక్కర్లేదు, ఊఁ అంటే చాలు అన్నాడు. ఊఁ అన్నాను. అతని మోకాళ్ళు టపటపమన్నాయి, కార్పెట్ మీద కూర్చున్నట్టున్నాడు. నేనూ ఇటువైపు కింద కూర్చున్నాను, నేల వెచ్చగానే ఉంది కదా. మధ్యలో తలుపు. ఆలోచిస్తే పదకొండేళ్ళలో మేం అంత బాగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నన్నెందుకు అడగలేదు అన్నాను. అడిగితే నువ్వు సరే అంటావు కాబట్టి అన్నాడు. నీకెలా తెలుసు అన్నాను. నువ్వు ఎవరికి వద్దన్నావు గనక, నిన్న చలికి పళ్ళు టకటకలాడిస్తూ కూడా దుప్పటి కావాలనలేదు, నేను మెలకువగానే ఉన్నా అన్నాడు. నువ్వూ అనలేదుగా అన్నాను. అదే చెప్తున్నా, ఇద్దరం ఒకే జబ్బు మనుషులం అన్నాడు. సరే అంటావు, నేను పెట్టెలతో దిగుతాను, పది రోజులు కాగానే నువ్వు బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని కూర్చుంటావు, చూడు ఇప్పట్లాగే, ఇంకో నెలకి నా దగ్గు వింటేనే నీకు చిరాకేస్తుంది, అలా నిన్ను పోగొట్టుకోవడం కన్నా తమ్ముడింట్లో మంచు ఎత్తిపోసుకుంటా, నయం కదా అన్నాడు.

నేను తలుపుకి వీపు ఆనించాను.

నేను బెల్ కొట్టాక నువ్వు వెంటనే తలుపు తియ్యవు, తెలుసా నీకు అన్నాడు. తలుపు వెనక ఒక్క క్షణం ఆగుతావు, అడుగుల చప్పుడు ఆగిపోతుంది, తర్వాత తీస్తావు, నవ్వుతూ తీస్తావు, ఆ ఒక్క క్షణం లేకపోతే ఆ నవ్వు కూడా ఉండదని నా భయం అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళు నాతో ఉన్నవాడికి నేను కాఫీలో పాలు పోసుకుంటానో లేదో తెలీదు. బాత్రూమ్‌లో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

తర్వాత చెప్పేశాను. నువ్వు అడుగుతావని వారం నుంచి భయపడి చస్తున్నాను, వద్దు అనడం అద్దం ముందు ప్రాక్టీస్ కూడా చేశాను అని.  కొంపదీసి బాధపడ్డాడా అనుకున్నాను. అంతలో నవ్వు మొదలైంది. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఏదీ ఒకసారి అను, విందాం అన్నాడు. వద్దు అన్నాను. వినపడలేదు, ఇంకొంచెం గట్టిగా అన్నాడు. వద్దు అని అరిచాను. బ్రహ్మాండంగా ఉంది, ప్రాక్టీస్ వృథా పోలేదు అన్నాడు.

అతని భయం కూడా అదేనట. నోటీసు చూస్తే నేను జాలిపడి, వచ్చెయ్ మా ఇంటికి అంటానని, తనకి కాదనే ధైర్యం ఉండదని. అందుకే దానికి వీపు అడ్డం పెట్టాడట. అతనికీ తన ట్రంపెట్టూ, తన రేడియో, సింకులో రేపటిదాకా వదిలేసే గిన్నెలూ కావాలి. నీ గిన్నెలు నా సింకులో ఉంటే చంపేసేదాన్ని అన్నాను. తెలుసు అన్నాడు.

మరి ఇంత పెద్ద హోటల్ ఎందుకయ్యా, ఆ మాట వాకింగ్‌లో చెప్పొచ్చుగా అన్నాను. అప్పుడన్నాడు. ఆ పాయింట్లన్నీ నేను ఒంటరిగా పడుకున్న రాత్రులు సోల్వెయ్, ఎక్కడెక్కడి ఊళ్ళలోనో, నాలుగు నెలలు నువ్వు కనిపించవు కదా, పోయేముందు వాటిని నీతో ఖర్చుపెడదామనిపించింది అన్నాడు.

నాలుగు నెలలు. అప్పటిదాకా నవ్వుతున్నదాన్ని, ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. బుధవారం బెల్ మోగదు. తలుపు వెనక ఆగడానికి ఏముంటుంది?

లేచి గడియ తీశాను. అతను కార్పెట్ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు, మీసం మీద క్రీమ్ ఇంకా అలాగే ఉంది. వద్దు అన్నాను. ఏం వద్దు అన్నాడు. సుండ్స్‌వాల్ వద్దు. పోవద్దు.

మరి రోడ్డు మీద ఉండనా అన్నాడు. నాకు డాగ్నీ జెరేనియంలు గుర్తొచ్చాయి. నా కింది అంతస్తులో ఒక ఫ్లాట్ పండగదాకా ఖాళీగా ఉంది, తాళంచెవి నా బ్యాగ్‌లో ఉంది! చెప్పగానే అతని కళ్ళు మెరిశాయి, వెంటనే ఆరిపోయాయి. ఛఛ, పెద్దావిడ, చెల్లెలి ఆపరేషన్ హడావిడిలో ఉంటుంది, ఇబ్బంది పెట్టడమెందుకు అన్నాడు. నిజమేలే అన్నాను. అని, ఇద్దరం ఆ మంచం వైపు చూశాం. పనివాళ్ళు దుప్పటి మళ్ళీ చక్కగా పరిచి వెళ్ళారు.

ముందు రిసెప్షన్‌కి ఫోన్ చేశాను.  ఇంకో దుప్పటి కావాలన్నాను. ఆ పిల్ల నవ్వింది. మన ఊరి జంటలందరూ అడుగుతారు, అలమరా నిండా పెట్టుకున్నాం, మీరే నిన్న అడగలేదని ఆశ్చర్యపోయాం అంది. ఐదు నిమిషాల్లో దుప్పటి వచ్చింది. అంతే. ఎవరూ చావలేదు.

ఆ ఊపులోనే డాగ్నీకి చేశాను. ఏమమ్మాయ్, మొక్కలు చంపేశావా అంది. కాదని విషయం చెప్పాను. ఆవిడ తిట్టిన తిట్లు స్టెల్లన్‌కి కూడా వినిపించాయి. దొంగలు పడతారేమోనని నాకిక్కడ నిద్ర లేదు, నీకేమో అడగడానికి నోరు లేదు, ఒక్క ముక్క అడగడానికి ఇంత రామాయణమా అంది. అద్దె మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తానంది. షరతు ఒక్కటే, పొద్దున తొమ్మిదికి ముందు ట్రంపెట్ ఊదకూడదు, మొక్కలకి పడదు. ఆవిడకి ట్రంపెట్ సంగతి ఎలా తెలుసు? బుధవారాలు నా ఇంట్లో ఈల వేసుకుంటాడు, అదీ అంత బాగా ఉండదు, అందుకని ఊహించిందట.

ఎవరి దుప్పటి కింద వాళ్ళం పడుకున్నాం. దుప్పట్ల కిందినుంచి చెయ్యి పట్టుకున్నాడు. పొద్దుటిదాకా లేవలేదు నేను.

ఇవాళ బయల్దేరేటప్పుడు మిగిలిన పాయింట్లకి ఒక గొడుగు వస్తుందంది ఆ పిల్ల. రెండు రావా అని అడిగాడు స్టెల్లన్. అడగడం మొదలుపెడితే ఈ మనిషి ఆగేలా లేడు. రెండిచ్చింది.

ఫిబ్రవరి 12, సోమవారం

ఇల్వాకి అంతా చెప్పాను.  విని, మీ ఇద్దర్నీ మ్యూజియంలో పెట్టాలి అంది.

ఫిబ్రవరి 20, మంగళవారం

హోటల్‌వాళ్ళు అభిప్రాయం రాయమని అడిగారట. స్టెల్లన్ రాశాడు: లిఫ్టు చాలా బాగుంది.

మార్చి 3, ఆదివారం

వచ్చాడు. రెండు సూట్‌కేసులు, ట్రంపెట్, తన దుప్పటి. మా బిల్డింగ్ లిఫ్టు స్టిక్కరు చూసి పెదవి విరిచి మెట్లెక్కాడు. సామాన్లు డాగ్నీ ఇంట్లో పెట్టి, పైకొచ్చి, నా బెల్ కొట్టాడు. నేను తలుపు వెనక ఆగాను. ఈసారి నాకు తెలిసే ఆగాను. అటువైపు అతనూ ఓపిగ్గా ఆగాడు.

కాఫీ తాగి తన ఇంటికి తను వెళ్ళిపోయాడు. పదహారు మెట్లు. నా నేల కింద అతను అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను, ఒంటరిగా లేను. ఇంతకన్నా నాకేం కావాలి?

మార్చి 7, గురువారం

జెరేనియంలకి నీళ్ళు పోద్దామని కిందికి వెళ్తే టబ్ నిండా నానబెట్టిన చొక్కాలు. లాండ్రీ బోర్డు తాళంచెవి డాగ్నీ పొరపాటున స్పెయిన్‌కి పట్టుకుపోయిందట, ఇతనికి టైమ్ లేదు. నాలుగు రోజులుగా చేత్తో ఉతుక్కుంటున్నాడు. నోరు లేదా నీకు, అడగొచ్చుగా అన్నాను. నీ గురువారం అడగడమా, అంత ధైర్యం నాకెక్కడిది అన్నాడు.

మా ఇద్దరి బట్టలూ ఒకే మెషిన్‌లో వేశాను. అతను స్టూలు మీద, నేను బోర్లించిన బుట్ట మీద కూర్చున్నాం. పైఫ్లాట్ ఆయన తలుపులోంచి తొంగిచూసి, మెల్లగా తలుపు వేసి వెళ్ళిపోయాడు. ఆరాక ఎవరివి వాళ్ళం మడతపెట్టుకుని ఎవరి అంతస్తుకి వాళ్ళం వచ్చేశాం.

ఇంటికొచ్చి చూస్తే నా బుట్టలో అతని సాక్స్ ఒకటి ఉంది. కిటికీ గట్టు మీద, కప్పు పక్కన పెట్టాను.

అక్కడే ఉండనీ.